కంచే చేను మేస్తే అడిగేదెవరు?

ప్రతి జుమా రోజున రెండో ఖుత్బా ముగిసే ముందు ఇమాం సాబ్ ఒక ఆయతు పఠిస్తారు. దివ్య ఖుర్ఆన్‌లోని సూరా నహల్ 90వ ఆయతు అది. న్యాయం పాటించమని, మేలు చేయమని, బంధువుల హక్కు తీర్చమని అల్లాహ్ ఆజ్ఞాపిస్తున్నాడనీ, నీతిమాలిన పనులనూ, చెడునూ, దౌర్జన్యాన్నీ వారిస్తున్నాడనీ దాని భావం. ఖుత్బాలో ఈ ఆయతు చదివే ఆనవాయితీ హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) కాలం నుంచి వస్తోందని పెద్దలు చెబుతారు. వారం వారం వింటూ ఉండడం వల్ల మన చెవులకు అది అలవాటైపోయింది. కాని ఆ ఆజ్ఞల్లో మొట్టమొదటిది న్యాయమన్న సంగతి మనలో ఎందరికి గుర్తుంటుంది?

2011 జనవరి 7. ఆ రోజు కూడా జుమానే. బంగ్లాదేశ్‌లోని కురిగ్రామ్ జిల్లాలో అనంతపూర్ అనే సరిహద్దు గ్రామం ఉంది. పేరు మన అనంతపురాన్ని తలపిస్తుంది కాని, అది మన పశ్చిమ బెంగాల్‌లోని కూచ్‌బిహార్ జిల్లాకు ఆనుకుని ఉన్న ఊరు. బతుకుతెరువు కోసం భారతదేశానికి వచ్చిన ఒక తండ్రి, పెళ్లి కుదిరిన కూతుర్ని వెంటబెట్టుకుని ఆ తెల్లవారుజామున స్వగ్రామానికి బయలుదేరాడు. వారి దగ్గర పాస్‌పోర్టులు లేవు. వెదురు నిచ్చెన వేసుకుని ముళ్లకంచె దాటబోయారు. తండ్రి అవతలికి దిగాడు. 15 ఏళ్ల ఫెలానీ ఖాతూన్ బట్టలు ముళ్లతీగకు చిక్కుకున్నాయి. భయంతో కేక వేసింది. సరిహద్దు భద్రతా దళం, అంటే బి.ఎస్.ఎఫ్. జవాను కాల్పులు జరిపాడు. ఆ పిల్ల శవం గంటల తరబడి కంచె మీదే వేలాడింది. ఆ ఫోటో చూసిన లోకం నివ్వెరపోయింది.

కంచె దాటడం చట్టరీత్యా నేరమే. అందులో సందేహం లేదు. కాని ఆ నేరానికి శిక్ష మరణమా? ఆ శిక్ష వేసే అధికారం తుపాకి పట్టినవాడికి ఎవరిచ్చారు?

తీర్పు చెప్పింది ఎవరు?

ఈ కేసు మామూలు కోర్టుకు పోలేదు. 1968 నాటి బి.ఎస్.ఎఫ్. చట్టం ప్రకారం ఆ దళం సొంత కోర్టులోనే విచారణ జరిగింది. నిందితుడు ఆ దళం జవాను. తీర్పరులు ఆ దళం అధికారులు. 2013 ఆగస్టులో ఫెలానీ తండ్రి సరిహద్దు దాటి కూచ్‌బిహార్‌కు వచ్చి సాక్ష్యం చెప్పాడు. సెప్టెంబరులో ఆ కోర్టు జవానును నిర్దోషి అన్నది. విమర్శలు రావడంతో తీర్పును తిరిగి పరిశీలించమని పైఅధికారులు ఆదేశించారు. 2015 జులైలో మళ్లీ అదే తీర్పు వచ్చింది. ఆ ఏడాదే జాతీయ మానవ హక్కుల సంఘం ఆ కుటుంబానికి 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించమని సిఫారసు చేసింది. సిఫారసు వరకే దాని అధికారం. తండ్రి తరఫున బెంగాల్‌లోని మాసుం అనే హక్కుల సంస్థ తోడు నిలవగా, వ్యవహారం సుప్రీంకోర్టు గడప తొక్కింది.

ఆ జవాను దోషి అని తీర్పు చెప్పడం మా పని కాదు. మేము అడిగేది ఒక్కటే. నిర్దోషి అయినా సరే, ఆ మాట చెప్పవలసింది అతని తోటి ఉద్యోగులా? మన పల్లెల్లో చేను గట్టు తగాదా వస్తే, తగువులో ఉన్నవాడి అన్నదమ్ముల్ని పెద్దమనుషులుగా కూర్చోబెడతామా?

ఇక్కడ చట్టంలోని ఒక చిక్కు తెలుసుకోవాలి. 1993లో మానవ హక్కుల రక్షణ చట్టం వచ్చింది. పోలీసుల మీద ఫిర్యాదు వస్తే జాతీయ సంఘం తన దర్యాప్తు సిబ్బందిని పంపి విచారించవచ్చు. సాయుధ దళాల మీద ఫిర్యాదు వస్తే మాత్రం 19వ సెక్షన్ అడ్డువస్తుంది. అప్పుడు సంఘం చేయగలిగింది కేంద్ర ప్రభుత్వాన్ని నివేదిక అడగడం, అది వచ్చాక కేసు ముగించడం లేదా సిఫారసు చేయడం. సాయుధ దళాలంటే సైన్యం, నౌకాదళం, వైమానిక దళం మాత్రమే కాదు, కేంద్రం కింద ఉన్న ఇతర సాయుధ దళాలు కూడా అని ఆ చట్టమే నిర్వచించింది. అందువల్ల బి.ఎస్.ఎఫ్. కూడా ఆ గొడుగు కిందికి వచ్చింది. భారత ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ ఎ.ఎం. అహ్మదీ నాయకత్వంలోని సలహా సంఘం ఈ నిర్వచనాన్ని మొదటి మూడు దళాలకే పరిమితం చేయమని చెప్పింది. మానవ హక్కుల సంఘం ఆ సూచనను 2000లో కేంద్రానికి పంపింది. 2006లోనూ, 2019లోనూ చట్టాన్ని సవరించారు. ఆ నిర్వచనాన్ని మాత్రం ముట్టుకోలేదు.

మసీదు మసీదుకూ వెళ్లిన విచారణ

అధికారిని లెక్క అడగడం ఈనాటి పాశ్చాత్యుల నుంచి అరువు తెచ్చుకున్న ఆలోచన అని కొందరనుకుంటారు. అది పొరపాటు. హజ్రత్ ఉమర్ (ర) ఖలీఫాగా ఉన్న రోజుల్లో కూఫా ప్రజలు తమ పాలకుడి మీద ఫిర్యాదు చేశారు. ఆ పాలకుడు సామాన్యుడు కాడు. ఇహలోకంలోనే స్వర్గ శుభవార్త అందుకున్న పదిమంది సహాబాలలో ఒకరైన హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (ర). అంతటివారి మీద చాడీలా అని ఉమర్ (ర) కోప్పడలేదు. మదీనా నుంచి మనుషుల్ని పంపారు. వారు వెళ్లి కూఫా కొలువులోని ఉద్యోగుల్ని అడిగి తిరిగి రాలేదు. ఒక్కొక్క మసీదుకూ వెళ్లి జనాన్నే అడిగారు. ఒక్క మసీదులో ఒక్క మనిషి తప్ప అందరూ సఅద్ (ర)ను మెచ్చుకున్నారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఉమర్ (ర) ఆయనను బాధ్యత నుంచి తప్పించినా, అసమర్థత వల్లనో, ద్రోహం వల్లనో తప్పించలేదని తన అంతిమ ఘడియల్లో అందరి ముందూ చెప్పి ఆయన గౌరవాన్ని నిలిపారు.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, విచారణ పాలన కింద ఉన్న ప్రజల నోటి నుంచి జరగాలి. రెండు, అటువంటి విచారణ నిజాయితీపరుడైన అధికారికి అవమానం కాదు, రక్ష. సొంతవాళ్లు ఇచ్చిన నిర్దోషి పత్రాన్ని లోకం నమ్మదు. బయటివారు విచారించి ఇచ్చిన మాటకే విలువ ఉంటుంది. సరిహద్దుల్లో ఎండకూ చలికీ ఓర్చి కాపలా కాస్తున్న జవాన్లలో మన తెలుగు బిడ్డలూ ఉన్నారు. దొంగరవాణా ముఠాలు దాడి చేస్తే ఆత్మరక్షణకే కాల్చామని దళం చెబుతూ ఉంటుంది. అది నిజమైన చోట ఆ నిజాన్ని నిలబెట్టేది కూడా స్వతంత్ర విచారణే.

ఇతర దేశాల అనుభవం

అమెరికా, మెక్సికో సరిహద్దులో 2010లో ఐదుగురు పిల్లల తండ్రి ఒకడు సరిహద్దు అధికారుల చేతుల్లో దెబ్బలు, విద్యుత్ షాకులు తిని మరణించాడు. ఎవరి మీదా కేసు నిలవలేదు. సరిహద్దు ఊళ్లలోని సంఘాలు 2011లో ఒక కూటమిగా ఏర్పడ్డాయి. ఇటువంటి ఘటనలు జరిగినప్పుడు సరిహద్దు దళానికి చెందిన ప్రత్యేక బృందాలే ముందుగా వెళ్లి సాక్ష్యాలు సేకరిస్తున్నాయని ఆ కూటమి 2021లో బయటపెట్టింది. ఆ బృందాలను రద్దు చేస్తున్నట్టు 2022లో సంస్థ అధిపతి ప్రకటించక తప్పలేదు. ఆ పని సంస్థలోనే మరో విభాగానికి మారింది కనుక పోరు పూర్తి కాలేదు. అయినా 2025లో అమెరికా ఖండాల మానవ హక్కుల సంఘం ఆ మరణానికి అమెరికా ప్రభుత్వమే బాధ్యురాలని తేల్చింది. ఇంత దూరం వచ్చింది సరిహద్దులో నివసించే మామూలు జనం పట్టు విడవకపోవడం వల్ల.

బ్రిటన్‌లో మరో పద్ధతి ఉంది. దేశం నుంచి పంపించివేయదలచినవారిని ఉంచే నిర్బంధ కేంద్రాలకు జీతం లేని పౌరులతో పరిశీలక బోర్డులు ఉన్నాయి. వారు ఏ వేళనైనా లోపలికి వెళ్లవచ్చు. సిబ్బంది వినకుండా నిర్బంధితులతో మాట్లాడవచ్చు. ఏటా నివేదిక ప్రచురిస్తారు. దీంతో అంతా సవ్యంగా ఉందని కాదు. గాట్విక్ విమానాశ్రయం పక్కన బ్రూక్ హౌస్ అనే కేంద్రంలో 2017లో జరిగిన అత్యాచారాలను బి.బి.సి. రహస్య కెమెరా పట్టి ఇచ్చింది. అక్కడ బోర్డు ఉండగానే ఇది జరిగింది. తరువాత జరిగిన బహిరంగ విచారణ 2023లో నివేదిక ఇస్తూ, ఐదు నెలల్లో 19 ఘటనలు అమానుష ప్రవర్తన కిందికి వచ్చే అవకాశం ఉందని చెప్పింది. కనుక పేరుకు ఒక సంఘం ఉంటే చాలదు. దానికి కళ్లూ, నోరూ, ధైర్యమూ ఉండాలి.

మన కర్తవ్యం

ఇది దూరపు సరిహద్దు గొడవ, మనకెందుకని అనుకోవద్దు. 2025 జూన్‌లో ఢిల్లీలో కాయకష్టం చేసుకునే, పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లాకు చెందిన ఒక గర్భిణిని కుటుంబంతో సహా బంగ్లాదేశీయులని పట్టుకుని సరిహద్దు దాటించారు. అక్కడివారు చొరబాటుదారులని జైల్లో పెట్టారు. సెప్టెంబరులో కలకత్తా హైకోర్టు ఆ చర్యను తప్పుపట్టింది. సుప్రీంకోర్టులో కేసు నడుస్తుండగా, మానవతా దృష్టితో కేంద్రం అంగీకరించిన మీదట డిసెంబరులో తల్లి, చిన్న కొడుకు స్వదేశం చేరారు. దాటించే ముందు పత్రాలు పరిశీలించమని అడిగే హక్కున్న బయటి మనిషి ఒక్కడు అక్కడ ఉంటే, నిండు చూలాలికి ఆ జైలు తప్పేది కదా!

మేము కోరేవి గొంతెమ్మ కోరికలు కావు. అహ్మదీ సంఘం చెప్పిన సవరణ చేయాలి. సరిహద్దులో ప్రాణం పోయిన ప్రతిసారీ దళంతో సంబంధం లేనివారు విచారించాలి. ఆ విచారణలో సరిహద్దు గ్రామాల ప్రతినిధులకు, స్త్రీలకు కూడా, చోటుండాలి. ఫిర్యాదు వారి భాషలో తీసుకోవాలి. నివేదిక దాచకుండా ప్రచురించాలి. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పోలీసుల మీద ఫిర్యాదులకు రాష్ట్రంలోనూ, జిల్లాల్లోనూ ప్రత్యేక సంస్థలు పెట్టమన్నది. పోలీసుకు తగినది సరిహద్దు జవానుకు ఎందుకు తగదు?

చట్టం మార్చేది పార్లమెంటు. మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి 42 మంది లోక్‌సభలో ఉన్నారు. ఓటు అడగడానికి వచ్చినప్పుడు రోడ్డు, నీళ్లతోపాటు ఈ మాట కూడా అడగండి. ఆవేశంతో కాదు, మతం పేరుతోనూ కాదు. ఒక జాతి మీద ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పరాదన్నది దైవాజ్ఞ. అది మనకూ వర్తిస్తుంది, తుపాకి పట్టినవారికీ వర్తిస్తుంది. ఫెలానీ మన దేశస్థురాలు కాదు. అయినా ఆమె ప్రాణం పోయింది మన కంచె మీద, మన పేరుతో పహరా కాసే చేతుల్లో. అధికారం అమానత్ అని మన విశ్వాసం. అమానత్‌కు ఇక్కడ లెక్క అడగకపోతే, ఎందుకు అడగలేదని రేపు ప్రళయదినాన మనల్ని అడుగుతారు.

ఈ జుమాలో ఇమాం సాబ్ ఆ ఆయతు చదివినప్పుడు, మొదటి మాట దగ్గర ఒక్క క్షణం మనసు నిలుపుదాం. న్యాయం పలికే నోరునూ, న్యాయం వినే చెవినీ అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.