ఓడ యెక్కిననాటి వరుస



నేటి ప్రసంగవిషయము మన పల్లెలకు మిక్కిలి దూరమైనదిగా మీకు తోచవచ్చును. కాని అమెరికాలో ఉద్యోగములు చేయుచున్న బిడ్డలు తమ్ము చూడవచ్చిన తలిదండ్రులను వారము దినముల సముద్రవిహారమునకు తీసికొనిపోవుట యిప్పుడు మనలో అరుదు కాదు. మన విశాఖపట్టణపు రేవునందును ఇట్టి యోడల ప్రయాణికులకొఱకు 2023లో ప్రత్యేకమైన భవన మొకటి ప్రారంభింపబడినది. ఈ విహారపు టోడలను క్రూజు ఓడలందురు. వాటిలో నెక్కిన మొదటి దినమున 'గెస్టు సర్వీసు' అను పేరుగల బల్లకడ గొప్ప వరుస యేర్పడును. ప్రయాణికుల సందేహములను దీర్చుటకును, పద్దులను సరిచూచుటకును ఏర్పఱచిన బల్ల యది. ఆ వరుస యేల యేర్పడునో, అందు నిలువవలసినవా రెవరో, నిలువనక్కఱలేనివా రెవరో మనవిచేయుట నా యుద్దేశము.

మొదట ఓడయొక్క పరిమాణమును గ్రహింపవలయును. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున మయామి యను రేవు కలదు. 2024 జనవరిలో 'ఐకాన్ ఆఫ్ ది సీస్' అను ఓడ అచ్చటనుండి తన మొదటి యాత్రకు బయలుదేరినది. గదికిద్దఱు చొప్పున లెక్కించినను దానిలో 5,610 మంది ప్రయాణికులు పట్టుదురు. పనివారు 2,350 మంది. ఒక పెద్ద గ్రామమంతయు నీటిపై తేలుచున్నదనుకొనుడు. ఇట్టి యోడ యాత్ర ముగించుకొని ఉదయమున రేవు చేరును. పాతవారు దిగిపోవుదురు. ఆ గదులనే ఊడ్చి, పక్కలు మార్చి, మధ్యాహ్నమునకు క్రొత్తవారికి సిద్ధముచేయుదురు. సాయంకాలమునకు ఓడ మరల కదలును. అనగా ఒక గ్రామము ఖాళీయై, మఱియొక గ్రామము అవే యిండ్లలో కాపురము పెట్టుట ఒక్క పగటిలో జరుగవలయును. పైగా ఓడ కదలుటకు గంట ముందుగానైన ప్రయాణికుల పట్టిక అమెరికా ప్రభుత్వమునకు చేరవలయునని అచ్చటి నియమము. కావున వచ్చువారందఱును ఆ కొలది గంటలలోనే వచ్చి తీరవలయును.

మగపెండ్లివారు విడిదిలో దిగిన సమయమును తలచుకొనుడు. ఒకరికి వేడినీళ్లు కావలయును. ఒకరి పెట్టె కనబడదు. ఒకరికి తమ గదికంటె ప్రక్కగదికి గాలి యెక్కువని తోచును. ఇంటిలో పదిమంది తిరుగుచున్నను, తాళపుచెవుల గుత్తి యెవరి మొలనున్నదో ఆయన చుట్టే అందఱును మూగుదురు. రాత్రి భోజనములై నడుము వాల్చినపిమ్మట ఆయనను పలుకరించువాడే యుండడు. ఓడలో ఆ తాళపుచెవుల గుత్తి గెస్టు సర్వీసు బల్లయే.

పూర్వపు టోడలలో ఈ పనిని పర్సరు అను నుద్యోగి చూచెడివాడు. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడలో ప్రయాణికులు తమ నగలను భద్రపఱచుకొన్నదియు, తంతి లేని వార్తలను పంపుటకు వ్రాసి యిచ్చినదియు ఆ యుద్యోగి కార్యాలయముననే. నాటి ప్రయాణికుని చేతిలో రొక్కముండెను, జేబులో తాళపుచెవి యుండెను, పెట్టెలో పత్రములుండెను. నేటి యోడలలో అట్లు కాదు. రొక్కమునకు మాఱుగా ప్రయాణికున కొక కార్డు నిత్తురు. అదే గది తాళపుచెవి, అదే డబ్బుసంచి, దిగి యెక్కునపుడు అదే గుఱుతు. కొన్న ప్రతి వస్తువు వెలయు ఆ కార్డునకు సంబంధించిన పద్దులో చేరును. కడపట ఆ మొత్తమును క్రెడిటు కార్డునుండి రాబట్టుకొందురు. క్రెడిటు కార్డు లేనివారు ముందుగా బల్లకడ రొక్కము కట్టుదురు. ఇట్లు మూడు పనులను ఒక్క ముడిగా వేయుట సుకరమే. కాని ముడిలో ఒక పోగు చిక్కువడినచో మూడును ఒక్కసారి నిలిచిపోవును. ఆ చిక్కు విప్పు చోటు తఱచుగా ఒక్కటే.

బల్లకడకు వచ్చువారిని నాలుగు తెగలుగా విభజింపవచ్చును. పద్దు విషయమై వచ్చువారు మొదటి తెగ. ఇచ్చెదమన్న తగ్గింపు పద్దులో కనబడలేదనియు, పనివారికై దినదినమును వ్రాయు బహుమానపు సొమ్ము ఎంతయనియు వీరడుగుదురు. గది విషయమై వచ్చువారు రెండవ తెగ. తలుపు తెఱచుకొనలేదనియు, సముద్రము కనబడు గది కావలయుననియు వీరి కోరిక. ఓడ నిండియున్నపుడు మాఱుగది యిచ్చుటకు ఎవరి తరమును కాదు. సామాను రాలేదనువారు మూడవ తెగ. రేవుకడ కూలివానికిచ్చిన పెట్టె నేరుగా గదికి రాదు. వేలకొలది పెట్టెలను యంత్రముతో పరీక్షించి, మధ్యాహ్నమునుండి రాత్రివఱకు గదుల గుమ్మములకు చేర్చుదురు. బట్టల యిస్త్రీపెట్టె వంటివి అగ్నిభయముచే ఓడలలో నిషిద్ధములు. అవి యున్న పెట్టెలను ఆపివేయుదురు. ఇక ఔషధములు, నడువలేనివారికి చక్రముల కుర్చీ, పత్రములలో పేరు తప్పుపడుట, తప్పిపోయిన బిడ్డ, ఇవి నాలుగవ తెగ. ఈ నాలుగు తెగలకును ఒక్కటే వరుస.

బడిపంతులను గనుక ఒక చిన్న లెక్క చెప్పెదను. మన సౌకర్యమునకై యూహించిన లెక్క యిది. అయిదు గంటలలో 5,000 మంది యోడ యెక్కుదురనుకొందము. గంటకు 1,000 మంది. నూటికి ఐదుగురు బల్లకడకు వచ్చినచో గంటకు 50 మంది. ఒక్కొక్కరికి ఆఱు నిమిషములు పట్టినచో ఒక గుమాస్తా గంటకు పదిమందిని పంపగలడు. ఐదుగురు గుమాస్తాలు 50 మందిని పంపుదురు. వచ్చినవారు వచ్చినట్లు పోవుదురు. ఇప్పుడు నూటికి ఐదుగురికి మాఱుగా ఆఱుగురు వచ్చిరనుకొనుడు. గంటకు 60 మంది. గంటగంటకు పదిమంది మిగులుదురు. ఐదవ గంట ముగియునప్పటికి 50 మంది నిలిచియుందురు. కడపటివానికి గంటసేపు నిరీక్షణము. నూటికి ఒక్కడు అధికముగా వచ్చుటచే గంట వరుస పుట్టినది! ఆ ఒక్కడు రాకున్నచో వరుస లేదు.

నిజమునకు మనుష్యులు గడియారపు ముల్లువలె సమముగా రారు. ఒక్కొక్కప్పుడు ఇరువదిమంది ఒక్కసారి వత్తురు, ఒక్కొక్కప్పుడు ఎవరును రారు. కావున ఐదుగురి లెక్కలోను కొంత వరుస తప్పదు. ఈ విషయమును శాస్త్రరీతిగా మొదట విచారించినవారిలో డెన్మార్కు దేశపు గణితజ్ఞుడు ఎర్లాంగు అగ్రగణ్యుడు. ఆయన కోపెన్‌హేగెన్ నగరపు టెలిఫోను కంపెనీలో పనిచేసెను. టెలిఫోను పిలుపుల రాకపోకలనుగూర్చి ఆయన వ్రాసిన వ్యాసము 1909లో వెలువడినది. పనిచేయువాని శక్తికి వచ్చుపని సమీపించినకొలదియు నిరీక్షణము మెల్లగా గాక అతివేగముగా పెరుగునని ఆ శాస్త్రము మనకు తెలుపుచున్నది.

మఱి గుమాస్తాలను పెంచరాదా యని మీరడుగవచ్చును. నేలమీద తిరునాళ్లనాడు నలుగురిని కూలికి పిలిచి మఱునాడు పంపివేయవచ్చును. ఓడలో ఎక్కిన ప్రతి పనివానికిని యాత్ర ముగియువఱకు పడక చూపవలయును, అన్నము పెట్టవలయును. ఒక పూట రద్దీకై పదిమందిని వారముపాటు మోయుట కష్టము. ఇతర శాఖలవారిని తెచ్చి నిలుపుదమన్నను, ఆ పూటనే వారికిని గదులు, భోజనశాలలు, సామాను అను మహాభారము మీదనుండును.

ఇక అసలు కారణము మనస్సులో నున్నది. ఓడ కదలకముందే చెప్పకున్నచో ఇక చెప్పుకొనుటకు దిక్కులేదను భయము మనుష్యుని పీడించును. గట్టు విడిచిన పడవకు పిలుపందదని మన పెద్దలలోను ఒక భావమున్నది గదా. కాని యిందు పొరపాటున్నది. పెద్ద యోడలలో ఆ బల్ల రేయింబవళ్లు తెఱచియుండుట సామాన్యము. ఓడతోపాటు బల్లయు ప్రయాణము చేయుచున్నది. పద్దు ఎక్కడికిని పోదు.

ఈ సత్యము నేను సిగ్గుపడి నేర్చుకొన్నది. కొన్నియేండ్ల క్రిందట మా కుమారుడు నన్నును నా భార్యను ఇట్టి యోడ నెక్కించెను. నేను చెప్పిన పెద్ద యోడ కాదది, చిన్నది. టిక్కెట్టుతో ఏబది డాలర్ల తగ్గింపు ఇచ్చెదమని వ్రాసియుండిరి. ఎక్కి చూడగా పద్దులో అది లేదు. కుమారుడు వలదనుచున్నను నేను వరుసలో నిలిచితిని. గంటకు పైగా నిలిచితిని. నా వంతు రాగా గుమాస్తా పిల్ల మిక్కిలి ఓర్పుతో వెదకి, ఆ సొమ్ము నా పేర గాక మా కుమారుని పేర చేరినదని చూపెను. సరిచేయుటకు పది నిమిషములు పట్టెను. విజయము సాధించినవానివలె వెనుదిరిగితిని.

నా వెనుక నొక వృద్ధురాలు గోడకానుకొని నిలిచియుండెను. ఆమెకు ఇంగ్లీషు అంతగా రాదు. మనుమడు కాబోలు, పది పండ్రెండేండ్ల బాలుడు ఆమెకు మాఱుగా మాటలాడెను. రక్తపుపోటునకు ఆమె వేసికొను మాత్రలు రేవుకడ కూలివానికిచ్చిన పెట్టెలో నుండిపోయినవి. మధ్యాహ్నపు మాత్ర వేళ దాటిపోయినది. అది వినగానే గుమాస్తా పిల్ల టెలిఫోను చేసి ఓడ వైద్యునికడకు ఆమెను పంపెను. ఆమెకు పట్టినది రెండు నిమిషములు. నాకు పట్టినవి పది. మఱునాటి ఉదయము నేనా బల్లప్రక్కగా పోవుచుండగా అచ్చట ఒక్కరును లేరు. గుమాస్తా బల్ల తుడుచుకొనుచుండెను. నా యేబది డాలర్లు ఆ ఉదయమునను అచ్చటనే యుండెడివి. ఆ లెక్కలోని ఆఱవవాడను నేను.

కావున మీలో నెవరైన ఓడ యెక్కునపుడు, మీ అక్కఱ యే తెగకు చెందినదో ముందుగా యోచింపుడు. ఔషధములు, కండ్లద్దములు, పాసుపోర్టు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే యుంచుకొనుడు, కూలివాని కీయకుడు. పాసుపోర్టులోని పేరును, టిక్కెట్టులోని పేరును ఇంటికడనే ఒక్కొక్క యక్షరము పోల్చిచూచుకొనుడు. అమెరికా వీసా ఒక్కమాఱు ప్రవేశమునకే యైనచో, ఓడ పరదేశమునకు పోయివచ్చుటవలన మరల ప్రవేశించుటకు చిక్కు కలుగునేమో టిక్కెట్టు కొనకముందే విచారింపుడు. చక్రముల కుర్చీ, శాకాహారము కావలయుననియు ముందుగానే వ్రాయింపుడు. ఆరోగ్యము, బిడ్డలు, పత్రములు, గది తలుపు, ఇవి యైనచో సంకోచింపక వరుసలో నిలువుడు. పద్దు, ఇష్టాయిష్టములు మఱునాటి కుంచుడు.

వరుసకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. ఆపద వచ్చినపుడు ఏ చోట చేరవలయునో, ప్రాణరక్షణపు చొక్కాయి ఎట్లు తొడుగుకొనవలయునో మొదటి దినముననే నేర్పుదురు. 2012 జనవరి 13వ తేదీని ఇటలీలోని జిల్యో ద్వీపముకడ కోస్తా కాంకోర్డియా అను ఓడ బండకు తగిలి ఒరిగిపోగా 32 మంది మరణించిరి. ఆనాడే ఎక్కిన ప్రయాణికులకు ఆ శిక్షణ యింకను జరుగలేదు. ఎక్కిన యిరువది నాలుగు గంటలలో జరిపినను చాలునని నాటి నియమము. ఓడ కదలుటకు ముందుగానో, కదలిన వెంటనేనో జరిపి తీరవలయునని 2015నుండి అంతర్జాతీయ నియమము మాఱినది. ఆ పిలుపు వచ్చినపుడు వరుసలో మీ వంతు ఎంత దగ్గఱగా నున్నను విడిచిపోవుడు.

నూటికి ఐదుగురికిని ఆఱుగురికిని నడుమ నున్నది ఒక్క మనుష్యుడే. అతడు ఆ మధ్యాహ్నము పైతట్టుకు పోయి, రేవు దూరమగుటను చూచుచు నిలిచినచో, గోడకానుకొని నిలిచిన వృద్ధురాలి వంతు త్వరగా వచ్చును.