అభిప్రాయభేదము – ఆశయైక్యము

మహిళాసమాజములలో వాదము పొడసూపగానే సమాజమే చీలిపోవునని మనము వెఱచుచుందుము. మాటలు వేఱైనంతమాత్రమున మనస్సులు వేఱగునా?

1930లో లండనునందు జరిగిన మొదటి రౌండు టేబిలు సమావేశమున శ్రీమతి రాధాబాయి సుబ్బరాయన్, బేగం షానవాజ్ గారలు శాసనసభలలో స్త్రీలకు కొన్ని స్థానములు ప్రత్యేకింపవలెనని కోరిరి. 1931లో ప్రముఖ మహిళాసంస్థలు ప్రత్యేకస్థానములు వలదు, సమానమైన వోటుహక్కు చాలునన్నవి. రెండవ సమావేశమున ఆ విన్నపమును శ్రీమతి సరోజినీనాయుడుగారితో కలసి సమర్పించినది ఆ బేగంగారే! రాధాబాయిగారు మాత్రము తమ పూర్వాభిప్రాయమును విడువలేదు.

స్థానములు లేకున్న స్త్రీ సభలో అడుగిడజాలదని యొకరి భయము. దయతో నొసగిన స్థానము సమానత్వమునకు కొఱతయని వేఱొకరి భయము. భయములు రెండు, కోరిక యొక్కటే. దేశపాలనమున స్త్రీమాట చెల్లవలెను.

మన సమాజనిధిని కుట్టుయంత్రమునకు వెచ్చింపవలెనా, పుస్తకములకా యని వాదము పుట్టినచో, "ఏది?" యనుటకు ముందు "ఎందులకు?" అని యడుగుదము. మన బాలికలు పరులపై నాధారపడకుండుటకే యని యిరుపక్షములవారును చెప్పవచ్చును. అపుడు మిగులునది ఏది ముందు, ఏది వెనుక యను ప్రశ్నయే. అది కలహకారణము కాదు. సోదరీమణులారా, రానున్న సభలో ఈ యొక్క ప్రశ్న నడిగి చూడుడని మా మనవి.