మాట వింటుంది, వ్రాసి పెడుతుంది

పిల్లలూ! వినాయక చవితికి ముందు హైదరాబాదు పాతబస్తీలోని ధూల్‌పేటకు ఎప్పుడైనా వెళ్ళారా? వీథి పొడుగునా వినాయక విగ్రహాలే. ఒకరు అచ్చు పోస్తారు, ఒకరు రంగు వేస్తారు, ఒకరు కన్నులు దిద్దుతారు. సంక్రాంతి వచ్చేసరికి అక్కడే గాలిపటాలు తయారవుతాయి. అంతా చేతిపని! మరి చేతులే పనిచేయకపోతే మనిషి గతి ఏమిటి?

యుద్ధంలో గాయపడిన సైనికులు కొందరికి ఈ కష్టం వస్తుంది. 2005లో ఇరాక్‌లో జరిగిన పేలుడులో అమెరికా సైన్యానికి చెందిన కెప్టెన్ చార్లెస్ జీగెన్‌ఫస్ చేతులు బాగా దెబ్బతిన్నవి. ఆయనకు వ్రాయటమంటే ఎంతో ఇష్టం. చేతులు కదలవు, కాని గొంతు ఉన్నది! మాట చెబితే వ్రాసిపెట్టే కంప్యూటరు ఆయనకు ఆసరా అయింది. ఆ సంవత్సరమే ‘సోల్జర్స్ ఏంజెల్స్’ అనే సేవాసంఘం ‘వాలర్ ఐటీ’ అనే పథకం ప్రారంభించి, చేతులు దెబ్బతిన్న సైనికులకు ఇటువంటి ల్యాప్‌టాపులు ఇవ్వసాగింది.

‘ఇంకొకరిచేత వ్రాయించుకోవచ్చు గదా!’ అంటారేమో. వ్రాయించుకోవచ్చు. కాని అర్ధరాత్రి ఒక మాట తోస్తే, తెల్లవారి ఎవరో వచ్చేదాకా ఆగాలి. అమ్మకు మాత్రమే చెప్పదలచిన సంగతి మూడో మనిషికి కూడా చెప్పాలి. తన ఉత్తరం తాను వ్రాసుకోవటంలో ఉన్న హాయి, అది పోగొట్టుకున్నవారికే తెలుస్తుంది.

ఇంతకూ యంత్రానికి మాట ఎలా తెలుస్తుంది? మన మాట గాలిలో అల. మైకు దానిని విద్యుత్తుగా మారుస్తుంది. కంప్యూటరు దానిని సెకండులో నూరో వంతు చొప్పున ముక్కలు చేసి, ఏ ముక్క ఏ ధ్వనిని పోలి ఉందో చూస్తుంది. అంతటితో చాలదు. మీరు ‘మేడ’ అన్నారా, ‘మెడ’ అన్నారా? సరిగా వినబడకపోతే పక్కమాట చూస్తుంది. ‘మెట్లు’ అని ఉంటే మేడ, ‘నొప్పి’ అని ఉంటే మెడ! అంటే, ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో లెక్క కట్టి ఊహిస్తుందన్నమాట.

ఈ విద్యకు పునాదులు వేసినవారిలో మన తెలుగువాడొకరు ఉన్నారు. ఆయన 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన డబ్బాల రాజగోపాల రెడ్డి. లోకానికి రాజ్ రెడ్డి. యంత్రానికి మాట నేర్పే పని ఆయన 1960లలోనే మొదలుపెట్టారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన శిష్యుడైన జేమ్స్ బేకర్, తన భార్య జానెట్‌తో కలిసి 1982లో ‘డ్రాగన్ సిస్టమ్స్’ అనే సంస్థను స్థాపించాడు. వారి ప్రోగ్రాములు మొదట మాటమాటకూ ఆగి చెబితేనే వ్రాసేవి. 1997లో వచ్చినది గడగడా మాట్లాడినా వ్రాసింది. తరువాత గాయపడిన సైనికుల ల్యాప్‌టాపులలో పనిచేసినది ఆ డ్రాగనే! కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమతి రాజ్ రెడ్డికి 1994లో లభించింది.

అయితే ఇంగ్లీషు నేర్చిన యంత్రానికి తెలుగు దానంతటది రాదు. ఎందరో తెలుగువారి గొంతులు వినాలి. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో అందుకోసం తెలుగువారి మాటలను సేకరించారు. పుస్తకాల తెలుగొక్కటే చాలదు సుమా! ధూల్‌పేట వీథిలో బేరాల గోల మధ్య, తెలుగులో హిందీ, ఉర్దూ కలిపి మాట్లాడేవారి పలుకు కూడా దానికి అర్థం కావాలి. లేకపోతే ఆ పేటలో చెయ్యి పడిపోయిన పనివాడికి అది ఎందుకు?

మీరొక పని చేయండి. చేతులు కట్టుకుని కూర్చుని, మీ నేస్తంచేత ఒక ఉత్తరం వ్రాయించండి. కామా, ఫుల్‌స్టాపు కూడా నోటితోనే చెప్పాలి. మధ్యలో మీ నేస్తం, ‘అలా కాదు, ఇలా వ్రాద్దాం’ అంటే ఎలా ఉంటుందో చూడండి. పూర్తయ్యాక ఆ ఉత్తరం చదువుకోండి. అందులో మీ మాటలెన్ని, మీ నేస్తం మాటలెన్ని?