డయాలసిస్ వారికి వణుకు జ్వరమా? రేపటి దాకా ఆగకండి

మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు కొత్త మాట కాదు. 1990ల నుంచి కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలు దీనితో బాధపడుతున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ దగ్గరికి వచ్చింది. అయితే డయాలసిస్ వారి ప్రాణానికి గుండె జబ్బు తర్వాత పెద్ద ముప్పు ఇన్ఫెక్షనే. అది సెప్సిస్‌గా మారితే గంటల్లో పరిస్థితి విషమిస్తుంది.

సెప్సిస్ అంటే ఏమిటి?

ఒంట్లో చేరిన క్రిములతో శరీరం పోరాడుతుంది. ఆ పోరాటం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బ తీస్తే దాన్ని సెప్సిస్ అంటారు. రక్తపోటు పడిపోతుంది, ఊపిరితిత్తులు, మెదడు దెబ్బతింటాయి. 2017లో ప్రపంచమంతటా సుమారు 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చిందని, 1.1 కోట్ల మంది చనిపోయారని అంచనా.

ఎవరు ఎక్కువ జాగ్రత్తపడాలి?

డయాలసిస్ వారు, ముఖ్యంగా మెడ దగ్గర గొట్టం ఉన్నవారు. చేతికి ఫిస్టులా ఉన్నవారి కంటే వీరికి ప్రమాదం చాలా ఎక్కువ. కిడ్నీ మార్పిడి జరిగినవారు, కేన్సర్ మందులు ఎక్కించుకుంటున్నవారు, స్టెరాయిడ్ బిళ్ళలు వాడేవారు, షుగరు, హెచ్‌ఐవీ ఉన్నవారు, వృద్ధులు, పసిబిడ్డలు, బాలింతలు కూడా జాగ్రత్తగా ఉండాలి.

ఎలా గుర్తించాలి?

వీరికి జ్వరం పెద్దగా కాయకపోవచ్చు. ఒళ్ళు చల్లబడినా అది సెప్సిస్ కావచ్చు. ఈ గుర్తులు చూడండి:

1. జ్వరం 100.4 డిగ్రీలు దాటడం, లేదా 96.8 కంటే తగ్గడం.
2. దుప్పట్లు కప్పినా ఆగని వణుకు, ముఖ్యంగా డయాలసిస్ జరుగుతుండగా గానీ, అయిన వెంటనే గానీ.
3. ఆయాసం. నిమిషానికి 22 సార్లు, అంతకు మించి ఊపిరి తీయడం.
4. మాట తడబడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, అదే పనిగా మత్తుగా పడి ఉండటం.
5. చేతులు, కాళ్ళు చల్లబడి చర్మం మచ్చలుగా మారడం.
6. గొట్టం లేదా ఫిస్టులా దగ్గర ఎరుపు, వాపు, చీము, నొప్పి.

మూత్రం తగ్గడం కూడా సెప్సిస్ గుర్తే. కానీ డయాలసిస్ వారిలో చాలామందికి మూత్రం రాదు కనుక వారి విషయంలో దానిని నమ్ముకోవద్దు.

ఏం చేయాలి?

"రేపు ఎలాగూ డయాలసిస్ ఉంది కదా సిస్టర్, అప్పుడు చెబుదాం అనుకున్నాం" అనే మాట మేము తరచుగా వింటుంటాము. దయచేసి అలా ఆగకండి. పై గుర్తుల్లో ఒక్కటి కనిపించినా రాత్రయినా, ఆదివారమైనా వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. 108కి ఫోన్ చేయండి. డయాలసిస్ పుస్తకం, వాడే మందులు వెంట తీసుకురండి. రాగానే "ఈయన డయాలసిస్ మనిషి, వణుకు జ్వరం వచ్చింది" అని ముందు చెప్పండి. కల్చర్ పరీక్షకు రక్తం తీసి, మొదటి గంటలోనే యాంటీబయాటిక్ ఇవ్వడం ఎంతో ముఖ్యం. ఆలస్యమైన కొద్దీ బతికే అవకాశం తగ్గుతుంది.

ఏం చేయకూడదు?

జ్వరం బిళ్ళ వేసి తగ్గిందని ఊరుకోవద్దు. జ్వరం తగ్గినా ఇన్ఫెక్షన్ లోపలే ఉంటుంది. దుకాణంలో రెండు యాంటీబయాటిక్ గోలీలు కొని వేయవద్దు. ఊళ్ళో సెలైన్ బాటిల్ పెట్టించవద్దు, మూత్రం రాని మనిషికి ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరవచ్చు. సెలైన్ అవసరమైతే ఆసుపత్రిలో కనిపెట్టుకుని కొలిచి ఇస్తారు. ఫిస్టులా చేతికి సూది వేయనివ్వవద్దు, బీపీ చూడనివ్వవద్దు. స్టెరాయిడ్ వాడేవారు దాన్ని సొంతంగా ఆపవద్దు.

రాకుండా ఎలా చూసుకోవాలి?

మెడ గొట్టం కట్టు తడవకూడదు, ఇంట్లో విప్పకూడదు. గొట్టం ఉన్నంతకాలం సముద్ర స్నానం వద్దు. ఫిస్టులా చేతిని డయాలసిస్‌కు ముందు సబ్బుతో కడగండి. చేప ముల్లు గుచ్చుకున్నా, నౌపడ ఉప్పు మళ్ళలో కాలు కోసుకున్నా వెంటనే మంచినీళ్ళతో, సబ్బుతో కడిగి, చిన్న గాయమైనా చూపించండి. హెపటైటిస్ బి, న్యుమోనియా, ఫ్లూ టీకాల గురించి డాక్టరుగారిని అడగండి.

ఇంట్లో ఒక థర్మామీటరు ఉంచండి. గుర్తుల జాబితాను కత్తిరించి, రోగి మంచం దగ్గర గోడకు అంటించండి. రాత్రిపూట ఆయనను కనిపెట్టుకుని ఉండేది ఎవరో, ఆ మనిషికి తప్పకుండా చదివి వినిపించండి.