దుకాణపు జ్ఞాపకమును సర్వరుపై నిలుపుట

బావిలో మోటారు ఆగిపోయిన రైతు దుకాణమునకు ఫోను చేసినపుడు తన పేరు, ఊరి పేరు మాత్రమే చెప్పును. మోటారు ఎన్ని హార్స్‌పవరులది, ఏ సంవత్సరమున కొన్నది, బోరు లోతెంత, పోయిన వేసవిలో వైండింగు మార్చినదెవరు అను సంగతులన్నియు దుకాణమువారికి తెలిసియే ఉండునని అతని నమ్మకము. పూర్వము ఈ నమ్మకము చాలవరకు వమ్ము కాలేదు. గల్లాపెట్టె ప్రక్క కూర్చుండు గుమాస్తాకు అదంతయు కంఠతా వచ్చెడిది. చిట్టాలో ఆనాటి అమ్మకము, ఆవర్జాలో పేరుపేరున బాకీ ఉండెడివి గాని, బోరు లోతు మాత్రము గుమాస్తా తలలోనే ఉండెడిది. అతడు పని మానుకొన్ననాడు దుకాణపు జ్ఞాపకము కూడ అతనితోనే వెళ్లిపోయెడిది.

ఈ జ్ఞాపకమును ఒకచోట వ్రాసి, పనిచేయు వారందరికి అందుబాటులో ఉంచుటకై పుట్టిన ప్రోగ్రాములను ఖాతాదారుల సంబంధ నిర్వహణ ప్రోగ్రాములందురు. పొడి అక్షరములతో సి.ఆర్.ఎం. అనుటయే వాడుక. 1993లో అమెరికాలో స్థాపింపబడిన సీబెల్ సంస్థ వీనిని పెద్ద కంపెనీలకు అమ్మెను. 1999లో ఆరంభమైన సేల్స్‌ఫోర్స్ సంస్థ ఇంటర్నెట్టు ద్వారా అద్దెకిచ్చు పద్ధతిని వ్యాపింపజేసెను. అద్దె పద్ధతిలో ఖాతాదారుల వివరములు అద్దెకిచ్చినవారి యంత్రములలో ఉండును. అవి తన గదిలోని యంత్రములోనే ఉండవలెనని కోరు వర్తకునకు మరియొక మార్గము కలదు. 2004లో కాలిఫోర్నియాలో పుట్టిన షుగర్ సి.ఆర్.ఎం. తన ప్రోగ్రాము మూలపాఠమును ఎవరైనను చదివి మార్చుకొనునట్లు బహిరంగముగా విడుదల చేసినది. ఆ సంస్థ 6.5వ ప్రతి తరువాత బహిరంగ విడుదలలను మానుకొనగా, 2013లో స్కాట్లండుకు చెందిన సేల్స్ ఎజిలిటీ సంస్థ ఆ పాఠమునే తీసికొని సూట్ సి.ఆర్.ఎం. అను పేర కొనసాగించినది. ఇచట దృష్టాంతముగా గ్రహించినది ఈ ప్రోగ్రాము యొక్క 7వ వరుసను. 8వ వరుసలో పైరూపు మారినను లోపలి పద్ధతి చాలవరకు ఇదియే.

ఒక పంపుసెట్ల దుకాణములో దీనిని అమర్చవలసియున్నదనుకొందము. సర్వరనగా రాత్రింబవళ్లు పనిచేయుచు, తక్కిన కంప్యూటర్లు అడిగినదానికి జవాబిచ్చుచుండు యంత్రము. దానిపై సాధారణముగా లినక్సు ఉండును. పుటలను పంపుటకు అపాచీ, వివరములను దాచుటకు మై ఎస్.క్యు.ఎల్. లేక మరియా డి.బి., ప్రోగ్రామును నడుపుటకు పి.హెచ్.పి. అను భాష కావలెను. వీనిని నెలకొల్పుట ఒక పూట పని. చిక్కులు ఆ తరువాత వచ్చును. వానిలో రెండింటిని మాత్రము ఇచట చెప్పిన చాలును. మొదటిది, పి.హెచ్.పి. మామూలుగా 2 మెగాబైట్లకు మించిన ఫైలును లోనికి రానీయదు. కాలిపోయిన మోటారును ఫోనుతో ఫొటో తీసి చేర్చబోయిన మెకానికునకు అది ఎందుకు చేరలేదో బోధపడదు. సి.ఆర్.ఎం. లోపల ఇంకొక హద్దు వేరుగా కలదు. రెండింటిలో ఏది తక్కువయో అదే చెల్లును. రెండవది, జ్ఞాపికలు, ఈ-మెయిళ్లు వంటివి వాటంతట అవి కదలవు. క్రాన్ అను గడియారపు పనివాడు నిమిషమునకొకసారి ప్రోగ్రామును తట్టి లేపవలెను. ఈ ఏర్పాటు మరచినచో తెరమీద అంతయు సవ్యముగనే కనబడును గాని, ఒక్క జ్ఞాపికయు పోదు.

ప్రోగ్రాము వచ్చునపుడే దానిలో కొన్ని విభాగములుండును. ఇంకను కొనని ఆశావహులు ఒకచోట, కొను సంస్థలు ఒకచోట, ఆ సంస్థలలోని మనుష్యులు వేరొకచోట, కుదరబోవు బేరములు మరియొకచోట. ఈ విభజన సంస్థలతో బేరమాడు అమెరికా కంపెనీల అలవాటును అనుసరించినది. పంపుసెట్ల దుకాణమునకు వచ్చునది సంస్థ కాదు, రైతు. కావున మొదట తేల్చుకొనవలసినది సాంకేతిక విషయము కానే కాదు. ఆ దుకాణమునకు ఖాతాదారుడనగా ఎవరు అన్నదే. ఒకే ఇంటి అన్నదమ్ములకు రెండు బోరులున్నచో వారు ఒక ఖాతాయా, రెండా? దుకాణమువారు దీనికి జవాబు చెప్పకముందే తెరమీద గడులు గీయువాడు ఆరు నెలల తరువాత వానిని మరల గీయవలసి వచ్చును.

పేర్ల సంగతి ఇంకను రుచికరమైనది. ప్రోగ్రాములో పేరుకు రెండు గడులు: మొదటి పేరు, చివరి పేరు. చివరి పేరు తప్పనిసరి. పాశ్చాత్యులకు చివరిది వంశనామము. తెలుగువారి ఇంటిపేరు ముందు వచ్చును. పైగా ఊరిలో చాలమందిని దుకాణమువారు ఇంటిపేరుతో ఎరుగరు. ఇంటిపేరును చివరి పేరు గడిలో వ్రాయుడని గుమాస్తాకు చెప్పినచో, అది తెలియనపుడు అతడు ఒక చుక్క పెట్టి ముందుకు సాగును. ఏడాది తిరుగునప్పటికి చుక్క ఇంటిపేరుగా గలవారు వందలకొలది పోగగుదురు. దీనికి సులువైన మార్గమొకటి కలదు. తప్పనిసరియగు చివరి గడిపై 'పేరు' అనియు, ఐచ్ఛికమగు మొదటి గడిపై 'ఇంటిపేరు' అనియు చీటీలు మార్చవలెను. గడికి రెండు పేర్లుండును: లోపల యంత్రము ఎరిగినది ఒకటి, తెరమీద మనుష్యులు చదువునది ఒకటి. స్టూడియో అను పనిముట్టుతో రెండవదానిని మార్చినను మొదటిది చెక్కుచెదరదు. అపుడు ఇంటిపేరు ముందు, పేరు వెనుక, మన వాడుక ప్రకారమే తెరమీదికి వచ్చును.

ఒకే మనిషి రెండుసార్లు నమోదగుట మరియొక బాధ. లక్ష్మి అను పేరును ఆంగ్ల లిపిలో ఒకరు కె, ఎస్, హెచ్‌లతో వ్రాయుదురు. మరియొకరు ఎక్స్‌తో సరిపెట్టుదురు. అక్షరములను మాత్రమే పోల్చు పరీక్షకు వీరిద్దరును వేరు మనుష్యులు. ధ్వనినిబట్టి పేర్లను పోల్చు సౌండెక్స్ అను ఉపాయమునకు 1918లో అమెరికాలో రాబర్ట్ రస్సెల్ పేటెంటు పొందెను. అది మొదటి అక్షరమును ఉంచి, అచ్చులను విడిచి, హల్లులను అంకెలుగా మార్చును. రెండు రకముల లక్ష్మియు ఎల్-250 అగును, మెచ్చుకొనదగినదే. కాని ఈశ్వర్ పేరును ఒకరు ఇ తోను, ఒకరు ఐ తోను మొదలిడినచో మొదటి అక్షరము వేరగుటచే అది వారిని కలుపజాలదు. శ్రీనివాస్‌ను, శ్రీనివాసులును మాత్రము ఎస్-651 క్రింద ఒకటిగా చూపును. తెలుగు లిపిలో వ్రాసిన పేరును అది అసలే ఎరుగదు. అందుచేత యంత్రము చూపిన జంటలను మనిషి చూచి కలుపవలసినదే గాని, కలుపుటను యంత్రమునకు విడిచిపెట్టరాదు. ఫోను నంబరును కూడ కలిపి పోల్చుట పేరును మాత్రమే పోల్చుటకంటె మేలు.

ఇక క్రొత్త గడులు. బోరు లోతు, మోటారు శక్తి, కొన్న తేదీ అనువానికి ప్రోగ్రాములో చోటు లేదు, కల్పించుకొనవలెను. గడిని చేర్చగనే దాని లోపలి పేరు చివర '_సి' అను గుర్తు చేరును. అది మూలపట్టికలో గాక, ప్రక్కనే ఉండు అనుబంధ పట్టికలో నివసించును. రెండు పట్టికలను కలుపునది ప్రతి నమోదుకును ఇవ్వబడు 36 అక్షరముల గుర్తు. గడి ఏ జాతిదో ఆలోచించి నిర్ణయింపవలెను. బోరు లోతును మాటల గడిగా ఏర్పరచినచో ఒకరు '300 అడుగులు' అనియు, ఒకరు 'మూడు వందలు' అనియు వ్రాయుదురు. 400 అడుగులు దాటిన బోరులెన్ని అని తరువాత అడిగినచో జవాబు రాదు. అంకెల గడియైనచో వచ్చును.

గడులు చేర్చుట సులభమగుటచే అందరికిని చేర్చు ఉబలాటము కలుగును. ఇచట ఒక హద్దు కలదు. మై ఎస్.క్యు.ఎల్. పట్టికలో ఒక వరుస 65,535 బైట్లకు మించరాదు. మాటల గడి మామూలుగా 255 సంకేతముల పొడవున ఏర్పడును. ఒక్కొక్క సంకేతమునకు నాలుగు బైట్ల చొప్పున లెక్కించినచో గడికి 1,020 బైట్లు కావలెను. అరువదికి పైచిలుకు గడులతోనే వరుస నిండిపోవును. పొడవులను తగ్గించుకొనవచ్చును గాని, తెలుగు లిపి విషయమున పొదుపు మితిమీరరాదు. లక్ష్మి అనునది కంటికి రెండక్షరములు; యంత్రమునకు ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అను ఏడు సంకేతములు, 21 బైట్లు. పది సంకేతముల గడిలో ఒక పొడవాటి తెలుగు పేరు ఇమడదు. అసలు అరువది గడులను నింపు ఓపిక గుమాస్తాకుండునా అనుట వేరు ప్రశ్న. పది గడులు నిజముగ నిండినది, అరువది గడులు సగము ఖాళీగా నున్నదానికంటె మెరుగు.

అన్నిటికంటె ముఖ్యమైనది, మార్పు ఏమిటన్నదానికంటె మార్పు ఎచట చేయబడినదన్నది. మూలపాఠము బహిరంగమే కనుక, పి.హెచ్.పి. కొంచెము తెలిసినవాడు నేరుగా మూల ఫైలును తెరచి నాలుగు పంక్తులు దిద్దగలడు. వెంటనే పని జరుగును, యజమాని సంతసించును. కొన్ని నెలలకు భద్రతా లోపమును సవరించు క్రొత్త ప్రతి వచ్చును. దానిని ఎక్కించినపుడు మూల ఫైళ్లన్నియు క్రొత్తవానితో తుడుపుపడును; ఆ నాలుగు పంక్తులు మాయమగును. లేదా, అవి పోవునను భయముచే క్రొత్త ప్రతిని ఎక్కించుటయే మానుదురు. ఇది మరింత హాని. తెలిసిన లోపముతో ఖాతాదారుల జాబితా నెలల తరబడి తెరచిన తలుపు వెనుక ఉండును.

దీనికై ప్రోగ్రాములో 'కస్టమ్' అను ప్రత్యేకపు ఫోల్డరు కలదు. తెరను గీయుటకు ముందు ప్రోగ్రాము ఆ ఫోల్డరులో చూచును. తగిన ఫైలు అచట ఉన్నచో దానిని వాడును, లేనిచో మూలములోనిదానిని వాడును. క్రొత్త ప్రతి మూలమును తుడిచివేసినను ఈ ఫోల్డరు జోలికి రాదు. ఇది అద్దెయింటి గోడకు మేకు కొట్టక, ప్రక్కన కొయ్య స్టాండు నిలుపుకొనుట వంటిది. ఇందులోను ఒక మెలకువ కలదు. మూల ఫైలును పూర్తిగా నకలు తీసి ఇచట ఉంచినచో, మూలములో తరువాత వచ్చు మేలైన మార్పులను ఆ నకలు కప్పివేయును. కావలసిన పంక్తులను మాత్రము చేర్చుటకు 'ఎక్స్‌టెన్షన్' అను లోపలి ఫోల్డరున్నది. వీలున్నచోట దానినే వాడుట మంచిది. మార్పుల తరువాత 'క్విక్ రిపేర్ అండ్ రీబిల్డ్' అను ఆజ్ఞతో చిన్న ముక్కలన్నిటిని ఒకటిగా కూర్చవలెను. ఇది మరచి, మార్పు కనబడలేదని గంటలు పోగొట్టుకొనుట క్రొత్తవారికి పరిపాటి.

లెక్కలు కూడ ఇట్లే చేర్చవచ్చును. నమోదును భద్రపరచుటకు ముందో, తరువాతనో మన ఆజ్ఞలను నడుపుటకు కొక్కెములున్నవి. కొన్న తేదీకి పండ్రెండు నెలలు కలిపి గ్యారంటీ ముగియు తేదీని దానంతట అది వ్రాయు పని భద్రపరచుటకు ముందరి కొక్కెమునకు తగిలింపవలెను. తరువాతి కొక్కెమునకు తగిలించి, అందులో మరల అదే నమోదును భద్రపరచినచో, ఆ భద్రపరచుట మరల కొక్కెమును కదలించును. కుక్క తన తోకను తరుముకొన్నట్లు సర్వరు తిరుగుచుండును.

ఎవరు ఏమి చూడవచ్చునను విషయము చివరకు వాయిదా వేయుదురు, అది తప్పు. ఏ పాత్రయు కేటాయింపని ఉద్యోగికి సాధారణ విభాగములన్నియు తెరచియే ఉండును. చూచుట, దిద్దుట, తొలగించుట, జాబితాను ఎగుమతి చేయుట అనువానికి వేరువేరుగా అనుమతులు కలవు; వానిని అందరి నమోదులకో, బృందమునకో, తన సొంతవానికో పరిమితము చేయవచ్చును, లేక పూర్తిగా నిషేధింపవచ్చును. మెకానికునకు చూచుట, దిద్దుట కావలెను, ఎగుమతి అక్కరలేదు. పదేండ్ల జాబితా ఒక నిమిషములో పెన్‌డ్రైవులోనికి పోవు మార్గము అదియే. మరియొక సంగతి: తెరమీద 'తొలగించు' నొక్కినపుడు నమోదు వెంటనే చెరిగిపోదు. తొలగింపబడినదను గుర్తు మాత్రము దానిపై పడును. తరువాత ప్రక్షాళన పనిని నడిపినపుడే పట్టికనుండి పోవును. పొరపాటున తొలగించినవారికి ఇది అదృష్టము. కాని 2023లో మన దేశమున వ్యక్తిగత డిజిటల్ వివరముల రక్షణ చట్టము వచ్చినది. తన అనుమతిని వెనుకకు తీసికొన్నవాని వివరములను చెరిపివేయు బాధ్యతను అది సామాన్యముగా వానిని ఉంచుకొన్నవారిపై మోపుచున్నది. గుర్తు వేసిన మాత్రమున చెరిపినట్లు కాదు.

ప్రతి మార్పును మొదట వేరొక యంత్రముపై నకలులో పరీక్షింపవలెను. నకలుకు పట్టికలును కావలెను, ఫైళ్లును కావలెను; ఒకటి తీసి రెండవది విడిచినచో, గడులు కనబడి వివరములు లేకపోవుటయో, వివరములుండి గడులు కనబడకపోవుటయో జరుగును. ఒక రైతు పేరు వెదకగా అతని బోరు లోతు, ఫొటోతో సహా, ఆ రెండవ యంత్రముపై వచ్చినపుడే నకలు సరియైనది. అయితే నకలుకు ప్రాణము పోయుటకు ముందు దానిపై క్రాన్‌ను, ఈ-మెయిలు అమరికను ఆపివేయుట మరువరాదు. అది నిజమైన జాబితాయే కదా; పరీక్షకై వ్రాసిన తమాషా జ్ఞాపిక ఊరూరి రైతులకు పోయి చేరును.