ఏ కుక్కను తెచ్చుకొందాం?

పిల్లలూ! బ్రిటన్‌లో పెరిగే పిల్లల్లో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఇంట్లో అడిగే మాట ఒకటి ఉంది. "నాన్నా, మనం కూడా ఒక కుక్కను పెంచుకొందామా?" నాన్న "చూద్దాంలే" అంటారు. అమ్మ మాత్రం "దాని పని ఎవరు చేస్తారు?" అని అడుగుతుంది. అమ్మ అడిగిన ప్రశ్న చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు వెతుకుదాం.

లెస్టర్ నగరంలో ఒక తెలుగు కుటుంబం ఉందనుకొందాం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఆమెకు కొన్నాళ్లు పగటి డ్యూటీ, కొన్నాళ్లు రాత్రి డ్యూటీ. నాన్న పొద్దున వెళ్లి సాయంత్రం వస్తారు. నాయనమ్మ ఇంట్లోనే ఉంటుంది. ఆమె చేతికర్ర ఊతంతో నడుస్తుంది. ఇంటి వెనుక చిన్న తోట, దాని చుట్టూ ఎత్తైన కంచె ఉన్నాయి. ఆ ఇంట్లో అన్నకు బోర్డర్ కోలీ కావాలి. "అది చాలా తెలివైనది" అంటాడు. చెల్లెలికి గ్రేహౌండ్ కావాలి. "అంత వేగంగా పరుగెత్తే కుక్క మనకెందుకు? ఇల్లంతా గంతులు వేస్తుంది" అని అన్న వెక్కిరిస్తాడు. ఎవరి మాట సరైనది?

గొర్రెలను కాచే కోలీ

ఇంగ్లండుకు, స్కాట్లండుకు నడుమ ఉన్న కొండప్రాంతం బోర్డర్ కోలీకి పుట్టినిల్లు. బోర్డర్ అంటే సరిహద్దు. 1893లో నార్తంబర్లండులో పుట్టిన 'ఓల్డ్ హెంప్' అనే కుక్క నేటి బోర్డర్ కోలీలకు మూలపురుషుడు. కోలీ పని గొర్రెల మందను కాయడం. అది ఒళ్లు వంచి, తదేకంగా చూస్తూ మెల్లగా ముందుకు వస్తే గొర్రెలు కదులుతాయి. దూరాన నిలబడి కాపరి ఈల వేస్తే చాలు. ఏ ఈలకు కుడివైపు తిరగాలో, ఏ ఈలకు ఆగిపోవాలో దానికి తెలుసు.

ఇంత తెలివి ఉన్న కుక్కకు పని లేకపోతే ఏమవుతుంది? విసుగు పుడుతుంది. అప్పుడు అది తన పని తానే కల్పించుకొంటుంది. తోట తవ్వుతుంది. చెప్పులు కొరుకుతుంది. సైకిళ్ల వెంట, కార్ల వెంట పడుతుంది. పరుగెత్తే పిల్లలను గొర్రెలనుకొని చుట్టుముట్టి మడమలు పట్టబోతుంది. అది దాని చెడ్డతనం కాదు, తరతరాలుగా వచ్చిన అలవాటు. కోలీకి రోజూ రెండు గంటలకు పైగా నడక, పరుగు కావాలి. అంతేకాదు, దాని మెదడుకు కూడా పని కావాలి. దాచిన వస్తువును వెతకడం, కొత్త ఆజ్ఞలు నేర్వడం వంటి ఆటలు రోజూ ఆడించాలి.

పరుగుల గ్రేహౌండ్

గ్రేహౌండ్ వేటజాగిలం. పొడవైన కాళ్లు, సన్నని నడుము, లోతైన రొమ్ము దాని ఆకారం. కుక్కలన్నిటిలోకి వేగమైనది ఇదే. గంటకు సుమారు 70 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. యంత్రపు కుందేలు వెంట దీనిని పరుగెత్తించే పందేలు బ్రిటన్‌లో 1926లో మాంచెస్టర్‌లో మొదలయ్యాయి.

కాని ఇక్కడే ఒక వింత ఉంది. గ్రేహౌండ్ పరుగు నిమిషంలోపే ముగిసే పరుగు. ఆ తరువాత దానికి కావలసింది మెత్తని పడక. రోజులో ఎక్కువ భాగం నిద్రపోతూనే ఉంటుంది! రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కసారి ఇరవై నిమిషాలు నడిపిస్తే చాలావాటికి సరిపోతుంది. అది మొరగడం కూడా తక్కువే.

అలాగని దానితో చిక్కులు లేవనుకోకండి. చిన్న జంతువు కనబడితే వెంటపడడం దాని స్వభావం. పిల్లి, కుందేలు ఉన్న ఇంటికి అన్ని గ్రేహౌండ్లూ తగవు. వీధిలో పట్టెడకు కట్టిన తాడు వదలకూడదు. దాని చర్మం పలుచన, ఒంట్లో కొవ్వు తక్కువ. కనుక చలికాలంలో దానికి కోటు తొడగాలి. పందేలు మానిన గ్రేహౌండ్లకు మెట్లు ఎక్కడం, గాజు తలుపును గుర్తించడం కూడా ఓపికగా నేర్పవలసి రావచ్చు. ఇటువంటి కుక్కలకు ఇళ్లు చూపడానికి 1975లో ఏర్పడిన సంస్థే నేటి గ్రేహౌండ్ ట్రస్ట్.

మన ఇల్లు ఎటువంటిది?

ఇప్పుడు లెస్టర్ ఇంటికి తిరిగి వద్దాం. ఆ ఇంట్లో రోజూ రెండు గంటలు కుక్కతో తిరగగలవారు ఎవరూ లేరు. పగలంతా నాయనమ్మ ఇంట్లో ఉంటుంది. కాళ్లకు అడ్డం పడకుండా పక్కన పడుకొనే కుక్క ఆమెకు తోడవుతుంది. నెమ్మది గల గ్రేహౌండ్‌ను చూసి ఎంచుకొంటే ఆ ఇంటికి సరిపోతుంది. అదే ఒక పల్లెలో, రోజూ కొండదారిలో పరుగెత్తే తల్లిదండ్రులు ఉన్న ఇంట్లో అయితే కోలీ సుఖంగా ఉంటుంది. చూశారా! అన్న కోలీ తెలివిని చూశాడే గాని తన ఇంటిని చూడలేదు.

ఏ కుక్కయినా మన తెలుగు ఇళ్లలో మరి రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషం. కనుక ముద్దు చేస్తూ మన పులుసు అన్నం, పాయసం పెట్టకూడదు. రెండవది, వేసవి సెలవులకు మనం ఇండియా వెళ్తే కుక్క ఎవరి దగ్గర ఉంటుంది? ఈ ప్రశ్నకు జవాబు కుక్క ఇంటికి రాకముందే తెలిసి ఉండాలి.

క్రిస్మస్ కానుకగా కుక్కపిల్లను తెచ్చి, పండుగ వెళ్లగానే వదిలివేసేవారు ఎందరో ఉండేవారు. అది తప్పని చెప్పడానికి 1978లో ఒక సంస్థ పెద్ద ప్రచారం చేసింది. ఆ సంస్థ పేరు నేడు డాగ్స్ ట్రస్ట్. ఇప్పటికీ ఆ మాట చెప్పవలసే వస్తున్నది. కుక్క పది పన్నెండేళ్లు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ కాలం బతుకుతుంది. ఈ రోజు మీకు పదేళ్లయితే, మీరు కాలేజీకి వెళ్లే నాటికి కూడా అది మీ గుమ్మం దగ్గర ఎదురుచూస్తూ ఉంటుంది. ఇష్టపడి తెచ్చుకొన్న కుక్కను చేతకాక తిరిగి ఇచ్చివేస్తే, తప్పు మనది, బాధ దానిది.

కాబట్టి "నాకు ఏ కుక్క ఇష్టం?" అని అడిగే ముందు "ఏ కుక్క మా ఇంట్లో సుఖంగా ఉంటుంది?" అని అడగండి. అప్పుడు అమ్మ ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉంటుంది.

ప్రశ్నలు

1. పని లేని కోలీ ఏమేమి చేస్తుంది? ఎందుకు?
2. గ్రేహౌండ్ విషయంలో అన్న పొరబాటు ఏమిటి?
3. కుక్కకు పెట్టకూడని పదార్థాలలో మీ వంటింట్లో ఏవి ఉన్నాయి?
4. మీ ఇంట్లో ఎవరు ఎంతసేపు ఉంటారో రాయండి. మీ ఇంటికి ఏ కుక్క తగినదో, లేక ఏ కుక్కా ఇప్పుడు తగదో, కారణాలతో ఐదు వాక్యాలలో చెప్పండి.