క్షతగాత్రుల తరలింపు: అమెరికా అంతర్యుద్ధంలో అంబులెన్స్ దళం

పంతొమ్మిదవ శతాబ్దపు యుద్ధవైద్యాన్ని గురించిన చర్చలో శస్త్రచికిత్స, క్లోరోఫాం, అవయవ ఖండన వంటి విషయాలకే ఎక్కువ చోటు దక్కుతుంది. గాయపడిన సైనికుడు అసలు వైద్యుడి దాకా ఎలా చేరాడన్నది అంతకన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న. అమెరికా అంతర్యుద్ధం (1861-65)లో ఉత్తరాది సైన్యపు అనుభవాన్ని పరిశీలిస్తే, ఈ సమస్యకు బండ్ల కొరత కన్నా ఆ బండ్లు ఎవరి అధికారంలో ఉన్నాయన్నదే మూలమని తెలుస్తుంది.

‘అంబులెన్స్’ అంటే తెలుగులో నేడు వాహనం మాత్రమే. ఫ్రెంచిలో ఆ మాట మొదట సైన్యం వెంట కదిలే ఆసుపత్రిని సూచించింది. ఫ్రెంచి సర్జన్ లారే 1790లలోనే గుర్రపు బండ్లతో ‘ఎగిరే అంబులెన్సు’లను ఏర్పరచి, పోరు సాగుతుండగానే క్షతగాత్రులను తరలించే పద్ధతిని తెచ్చాడు. అయినా 1861లో అమెరికా సైన్యం అటువంటి దళమేదీ లేకుండానే యుద్ధంలోకి దిగింది.

తొలి రోజుల్లో స్ట్రెచర్లు మోసే పని పటాలపు బ్యాండు వాద్యకారులది. బండ్లు రవాణా, సరఫరాలు చూసే క్వార్టర్‌మాస్టర్ శాఖవి. అధికారుల సామాను మోయడానికీ అవే. తోలేవారిలో చాలామంది కూలికి కుదిరిన పౌరులు. రెండు చక్రాల బండి కుదుపులు గాయం కన్నా ఎక్కువ బాధించేవి. 1862 ఆగస్టు చివర జరిగిన రెండవ బుల్ రన్ యుద్ధంలో వాషింగ్టన్ నుంచి రప్పించిన బండివాళ్లు కొందరు క్షతగాత్రుల కోసం తెచ్చిన మద్యాన్ని తామే తాగారు, కొందరు పారిపోయారు. గాయపడినవారు రోజుల తరబడి ఆ నేలమీదే పడి ఉన్నారు.

అదే నెల 2వ తేదీన పొటోమాక్ సైన్యంలో వైద్యాధిపతి జోనథన్ లెటర్‌మన్ యోజన ప్రకారం అంబులెన్స్ దళం ఏర్పడింది. బుల్ రన్‌లో ప్రధానంగా పోరాడినది పోప్ నాయకత్వంలోని వేరొక సైన్యం. అక్కడ ఈ పద్ధతి లేదు. లెటర్‌మన్ చేసిన మార్పు చూడడానికి చిన్నదే. బండ్లను, మనుషులను వైద్యాధికారి అజమాయిషీ కిందికి తెచ్చాడు. ఎంపిక చేసిన సైనికులకు స్ట్రెచర్ ఎత్తడంలో, దించడంలో కవాతు నేర్పించాడు. బండ్లను ఇతర పనులకు వాడరాదని నిషేధించాడు. సెప్టెంబరు 17న యాంటిటమ్‌లో ఉత్తరాది క్షతగాత్రులలో అత్యధికులు మరునాటికే ఆసుపత్రులు చేరారు. 1863 జూలైలో గెటిస్‌బర్గ్‌లో ఆ పక్షాన గాయపడినవారు 14,000 పైచిలుకు. తమ సేనల అధీనంలోని ప్రాంతంలో ఉన్నవారిని 4వ తేదీ తెల్లవారేసరికి తరలించగలిగారు. ఆపై సైన్యం ముందుకు కదలడంతో, ఇరుపక్షాలవారూ కలిసి 20,000 దాటిన క్షతగాత్రులకు నూరు మందికి కాస్త పైగా వైద్యులే మిగిలారు. తరలింపు సాధించినదానికీ చికిత్స సాధించినదానికీ మధ్య ఈ దూరాన్ని లెటర్‌మన్‌ను కీర్తించే రచనలు కూడా విస్మరించరాదు.

ఈ పద్ధతిని సైన్యమంతటికీ విస్తరించమన్న వినతిని 1862లో యుద్ధశాఖ తోసిపుచ్చింది. బుల్ రన్ క్షతగాత్రులను తెచ్చేందుకు వెళ్లి బండివాళ్ల తీరును కళ్లారా చూసిన బోస్టన్ వైద్యుడు హెన్రీ బౌడిచ్ అప్పటి నుంచే ప్రత్యేక దళం కోసం వాదిస్తున్నాడు. 1863 మార్చి 17న కెలీస్ ఫర్డ్ వద్ద ఆయన కుమారుడు, అశ్విక దళాధికారి నథానియల్, ప్రాణాంతకంగా గాయపడ్డాడు. అతణ్ణి తీసుకువెళ్లడానికి అంబులెన్స్ లేదు. ఆ తండ్రి అదే ఏడు తన విజ్ఞప్తిని పుస్తకంగా ప్రచురించాడు. 1864 మార్చి 11న అంబులెన్స్ దళం చట్టరూపం దాల్చింది. అప్పటికి రెండు నెలల ముందే లెటర్‌మన్ పొటోమాక్ సైన్యపు బాధ్యతల నుంచి తన కోరికపైనే తప్పుకున్నాడు.